మగ్గం మీది ఎర్రచుక్క

పోయిన వారం గంగాధరప్ప మా గడపలో చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఒక మాట అనేసి పోయాడు. అక్కడ ఆపాను. ఆ వారం చదవనివాళ్ళు కంగారు పడొద్దు, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ధర్మవరంలో మాకు మగ్గం, పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు గంగాధరప్ప. ఆ మగ్గం మీద కూర్చునేది మా అత్త భద్రమ్మ. వరసగా రెండు చీరల్లో కుడి అంచున పోగు తెగింది. తెగిన సంగతి చూసుకోకుండా అత్త జానెడు మేర నేసేసింది. పోగు తప్పిన చీర పెళ్ళికూతురికి ఎవరు పెడతారు?

"గురువారం వస్తా. నా ముందర కూర్చుని నేయాల. ఇంగొక పోగు తప్పిందంటే భద్రక్క మగ్గం దిగాల్సిందే. ఏరేవాళ్ళను కూర్చోబెడతా" అన్నాడు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. అత్తకు చూపు మందగించింది. ఊరికి వచ్చిన కంటి శిబిరంలో డాక్టరు టార్చి వేసి చూసి, "పొర వచ్చింది, ఇంకా ముదరలేదు. ముదిరినాక తీస్తాం, అప్పటిదాకా ఓపిక పట్టు" అని పంపించేశాడు. ఈ మాట గంగాధరప్పకు చెప్పొద్దని అత్త నా చేత ఒట్టు వేయించుకుంది. ధర్మవరంలో ఒకసారి చెయ్యి మారిన మగ్గం మళ్ళీ మన చేతికి రాదు. ఆపరేషన్ అయ్యేదాకా అత్తను ఆ మగ్గం మీదే కూర్చోబెట్టాలి. నాకు ఆ వారమంతా ఇంకో ధ్యాస లేదు.

నేను అంజనమ్మను, ఆ ఇంటి కోడల్ని. నా నోరు కొంచెం పెద్దదని మీకిప్పటికే తెలుసు. అత్తాకోడళ్ళంటే కత్తులు నూరుకోవాలనుకునేవాళ్ళు ఈ భాగం చదవడం మానేసినా నాకు నష్టం లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతుండగా నా పెళ్ళయింది. మా పుట్టింట్లో పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేశారు. అత్త పనిగట్టుకుని మనిషిని పంపి ఆ కట్ట తెప్పించింది. "సగం నేసిన చీరను ఎవరన్నా కోసి పారేస్తారామ్మే? పోయి చదువు ముగించుకోని రా" అంది. నేను హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ కోడలు చేయాల్సిన వంటా, నాడెలో పెట్టే పోగు కండెలు చుట్టడమూ అన్నీ తనే చేసుకుంది. వీధిలో మిగతా అత్తలంతా ఆమెను ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు. ఆమె ఒక్కటి కూడా నా దాకా రానివ్వలేదు. నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉందంటే అది ఆమె పెట్టిన భిక్ష. చెప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు.

అందుకే మా ఆయన ఓబులేసు చీరల మూటతో బెంగుళూరు పోతుంటే, ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డులో ఎల్.ఇ.డి. దీపాలు కొని తెమ్మన్నాను. అప్పటికి మా ఊళ్ళో వాటిని చూసినవాళ్ళు తక్కువ. కొత్త టేపురికార్డర్ల మూతి దగ్గర ఎర్రగా మినుకుమంటుందే, ఆ గింజ. పోయినసారి తెచ్చినవాటిలో ఒకదాన్ని మా ఆయనే చంపేశాడు. నేను స్నానానికి పోయి వచ్చేలోగా సరదా పుట్టి, రేడియో బ్యాటరీకి నేరుగా తగిలించాడు. ఒక్క క్షణం ధగ్గుమని వెలిగి నల్లబడిపోయింది. ఆ పూట ఆయనకు నేను పెట్టిన చీవాట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

ఇక నేను చేసిన యంత్రం. యంత్రమంటే పెద్ద మాటే అనుకోండి. కుడి అంచు పడుగులో ఒక్కొక్క నిలువు పోగుకు వెంట్రుకంత సన్నటి రాగితీగ ముక్కను తలపిన్నులా వంచి తగిలించాను. పాడైన రేడియోలోంచి విప్పిన తీగ అది, పైనున్న పూత బ్లేడుతో గీకేశాను. కింద పక్కపక్కనే రెండు రాగిరేకులు, వాటి మధ్య సన్నటి సందు. పోగు బిగువుగా ఉన్నంతసేపూ తీగ గాల్లో వేలాడుతుంది. పోగు తెగిందా, తీగ జారి రెండు రేకుల మీదా అడ్డంగా పడుతుంది. సందు కలుస్తుంది, కరెంటు పారుతుంది, దీపం వెలుగుతుంది. అత్తకు పోగు కనపడకపోయినా వెలుగు కనపడుతుంది కదా అని నా ఆశ. తప్పులు కుడి అంచులోనే వస్తున్నాయి కాబట్టి దీపాన్ని మగ్గానికి కుడి వైపు బిగిద్దామనుకున్నాను.

గురువారం పొద్దున్నే, బిగించే ముందు, దీపాన్ని అత్త ముఖానికెదురుగా పెట్టి వెలిగించాను. అత్త కళ్ళు చికిలించి చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"ఎర్రగా ఉండాది! కుంకంబొట్టు మాదిరి. ఇంత చిన్నదాన్లో వత్తి యాడుండాదే?"

"వత్తి లేదత్తా. దీంట్లో కాలేది ఏమీ లేదు."

ఆమె వేలు చాచి భయంభయంగా ముట్టుకుంది. "సల్లగా ఉండాదే! వెలుగుతాండాది, కాల్లేదు. ఏం మాయమ్మే ఇది?"

నేను ఆమె పక్కనే గుంత అంచు మీద కూర్చున్నాను. మాది గుంత మగ్గం, అత్త కాళ్ళు రోజంతా ఆ గుంతలోనే ఉంటాయి.

"దీని లోపల ఆవగింజలో సగం లేదు, ఒక రాయి ముక్క ఉండాది. దాన్లో రెండు పక్కలు. ఒక పక్క ఎలక్ట్రాన్లని కంటికి కనపడనివి ఎక్కువగా ఉంటాయి. ఇంకో పక్క అవి ఉండాల్సిన చోట్లు ఖాళీగా ఉంటాయి. అంటే గుంతలనుకో. బ్యాటరీ యెనకాల నుంచి తోస్తే ఈ పక్కవి ఆ పక్కకు పోతాయి. పోయి గుంతల్లో పడతాయి. పైనుంచి కింద పడేటప్పుడు వాటి కాడుండే శక్తి ఇడిసిపెడతాయి. అదే ఈ వెలుగు."

"పడినోళ్ళు ఏడుస్తారు గానీ వెలుగుతారా యాడన్నా?"

"ఇవి వెలుగుతాయి."

"సరే, ఎర్రగానే ఎందుకు వెలగాల?"

నాకు ఒళ్ళు పులకరించింది. పాలిటెక్నిక్‌లో మా క్లాసు మొత్తం మీద ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "పడే లోతును బట్టి అత్తా. రాయి మారిస్తే లోతు మారుతుంది. ఇంత లోతైతే ఎరుపు, ఇంకొంచెం ఎక్కువైతే పచ్చ. దీనికంటే బాగా తక్కువైతే, వెలుగు వస్తుంది గానీ మన కంటికి ఆనదు."

"నా కంటికి ఆనేది చేసినావు. సాలు పో" అంది అత్త. అని, దీపం పక్కనున్న రంగుచారల ముక్కను గోటితో తట్టింది. "ఈ పుల్ల ఏంది?"

"అది రెసిస్టరు. అది లేకనే నీ కొడుకు మొన్న ఒకదాన్ని మాడ్చినాడు. ఈ దీపానికి ఒక గుణం ఉండాది, దోవ దొరికితే కరెంటును ఎంతొస్తే అంత లోపలికి రానిస్తుంది, తట్టుకోలేక చస్తుంది. రెండు టార్చి సెల్లులు పెట్టినా కదా, అవి మూడు వోల్టులు. దీపానికి రెండు లోపే సాలు. మిగిలింది ఈ పుల్ల మింగుతుంది. వంద ఓములది వేసినా."

"నాడెలో పేకపోగుకు బిగువు పెట్టుకున్నట్టు."

"అంతే అత్తా."

ఆమె నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. నాకు కళ్ళు చెమర్చాయి. దీపాన్ని కుడి వైపు బిగించేసి, వంటింట్లోకి పోయి రొట్టెలు తట్టడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం అన్నాల వేళకు గంగాధరప్ప వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పాడు. చుట్టుపక్కల ఇళ్ళలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి, వీధంతా నిశ్శబ్దంగా ఉంది. అత్త గుంతలోకి దిగి కూర్చుంది. ఆయన పడుగు పక్కన చతికిలబడి, నా తీగలనూ రేకులనూ ఎగాదిగా చూశాడు.

"ఏందమ్మా ఇది, మగ్గానికి ముక్కుపుడకలు పెట్టినావా?"

"పోగు తెగితే దీపం వెలుగుతాది మామా. మీరే చూడండి."

"చూడ్డానికే గదా వచ్చినా." ఆయన నడుము సంచిలోంచి కత్తెర తీసి, అత్త నేస్తుండగానే, కుడి అంచులో ఒక పోగును పుటుక్కున తెంపాడు.

తీగ జారింది. చప్పుడు లేకుండా రేకుల మీద పడింది. దీపం వెలగలేదు.

అత్త తాడు గుంజుతూనే ఉంది, అడ్డపోగు మోసే నాడె ఆగలేదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంది. ఒక్కొక్క వరసా పడుతుంటే తెగిన పోగు చోట సన్నటి గీత మొదలైంది.

"ఆపు అక్కా" అన్నాడు గంగాధరప్ప. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇదేనామ్మా నీ సదువు? ఆటబొమ్మలు తెచ్చి పట్టు మీద తగిలించి, ఉండే పోగులు కూడా తెగేటట్టు చేస్తాండావు. అసలు మీ ఇంట్లో మగ్గమంటే భయం లేకుండా పోయింది. ఏరేవాళ్ళ పని ఒప్పుకోని, నా చీరలు అరమనసుతో నేస్తాండారని నాకెవురో చెప్తే నమ్మలేదు నేను."

నాకు మామూలుగా మాట పడదు. కానీ ముందు తప్పెక్కడుందో చూడాలి. సెల్లులు తీసి చూశాను, బాగానే ఉన్నాయి. ఈ దీపాన్ని తిరగేసి పెడితే వెలగదు, కరెంటు ఒకవైపే పారుతుంది. అది కూడా సరిగ్గానే ఉంది.

అత్త నాడె పక్కన పెట్టింది.

"ఆ బిడ్డనేమీ అనొద్దు గంగాధరప్పా. ఏరే పనీ లేదు, అరమనసూ లేదు. నాకు కండ్లు ఆనవు. పొర వచ్చింది. నువ్వు పోగు తెంపింది గూడా నాకు తెలీలేదు."

నా చేత ఒట్టు వేయించుకున్న మనిషి, నన్ను ఒక మాట అన్నారని ఆ ఒట్టును తనే గట్టున పెట్టేసింది. గంగాధరప్ప కత్తెర పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

"శానా దినాలాయ. ముదిరితే తీస్తామన్నారు. అంతదాకా మగ్గం పోగొట్టుకోకూడదని దాచినా. నాది తప్పే."

ఆయన తల వంచుకుని కత్తెరను సంచిలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. ఏం చేయాలో తోచని మనిషిని చూస్తే జాలి వేస్తుంది, అది షావుకారైనా సరే. ఈలోగా నేను వంగి రాగిరేకులను దగ్గరగా చూశాను. రాగి ఎర్రగా ఉండాలి. ఇది పచ్చగా ఉందేం? వేలితో రాసి చూశాను. ఆరిపోయి పెళుసు కట్టిన పసుపు!

"అత్తా! రేకులకు పసుపు పూసినావా?"

"పూయకుండా ఎట్లుంటా? కొత్త సామాను మగ్గం మీదికి వస్తే పసుపూ కుంకమా పెట్టకుండా పని మొదలుపెట్టేది యాడన్నా ఉండాదా? నువ్వు రొట్టెలు కొట్టేటప్పుడు మందంగా పూసినా, మంచి జరగల్ల అని."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. హాస్టలుకు పోయేటప్పుడు నా ట్రంకుపెట్టెకు, డిప్లొమా చేతికొచ్చిన రోజు నా మల్టీమీటరుకు కూడా పసుపు పెట్టిన మనిషి ఆమె. ఇది నేను ముందే ఊహించి ఉండాల్సింది. తీగకూ రేకుకూ మధ్య ఆరిన పసుపు అడ్డుపడితే చప్పుడైనా ఎలా వస్తుంది, కరెంటు ఎలా పారుతుంది?

"మామా, ఒక్క నిమిషం" అని వంటింట్లోకి పరుగెత్తాను. చింతపండు తెచ్చి, తీగల కింద నుంచి రేకులు ఊడదీసి, తోమి, కడిగి, చీర చెంగుతో తుడిచి మళ్ళీ బిగించాను. అప్పుడే తోమిన చెంబుల్లా మెరిశాయి. అత్త గుంతలోంచి చూస్తూ, "మరి పసుపు లేకుండా..." అని గొణిగింది. దీపం బిగించిన చెక్క మీద ఒక బొట్టు పెట్టనిచ్చాను. చెక్క మీద ఎంత పూసినా నాకు అభ్యంతరం లేదు.

గంగాధరప్ప ముందుగా గీత పడ్డ వరసలు విప్పి, తను తెంపిన పోగును తనే అతికాడు, రాలిన తీగను నేను దానికి మళ్ళీ తగిలించాను. షావుకారు వేళ్ళు అంత చురుగ్గా ఆడతాయని నేను అనుకోలేదు. తర్వాత అత్తను నేయమన్నాడు. నాలుగు వరసలు పడ్డాక, చడీచప్పుడు లేకుండా వేరే పోగు తెంపాడు.

'టిక్' మని తీగ రాలింది. ఎర్రచుక్క వెలిగింది. అత్త చెయ్యి ఆగింది. ఆమె కుడి వైపుకు తల తిప్పి, దీపాన్ని చూసి, నవ్వింది. తర్వాత వంగి, చూపుతో పని లేకుండా వేళ్ళతో అంచు తడుముకుంటూ పోయి, తెగిన కొసను పట్టుకుంది. రెండు కొసలూ కలిపి బొటనవేలితో ఒక్క మెలి తిప్పింది. దీపం ఆర్పడానికి నేను తీగను ఎత్తి పోగుకు తగిలించాను. అంచు మీద తప్పన్నది లేదు.

గంగాధరప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ మెలి నాకు నేర్పించింది నువ్వే గదక్కా. మా నాయన కొట్టి తరిమేస్తే, నీ పక్కన కూర్చోబెట్టుకోని నేర్పించినావు. ఇంతటోణ్ణి అయినాక నీ ముందరికొచ్చి దిగమంటి. నా నోటికి బుద్ధి ఉండాల."

"ఊరుకో అప్పా. నీ యాపారం నీది."

"ఈ చీర పెళ్ళోళ్ళది. సోమవారానికి మచ్చ లేకుండా నేసి, మగ్గం మీద నుంచి కోసియ్యి. నీ ఆపరేషన్ అయ్యేదాకా, అయినాక గూడా, ఈ మగ్గం మీద ఇంకెవురూ కూర్చోరు. మాటిస్తాండా."

"సోమవారానికి ఇస్తా. నేనూ మాటిస్తాండా" అంది అత్త.

ఆయన లేస్తూ నా వైపు చూశాడు. "అమ్మా, ఇందాక నిన్ను శానా మాటలన్నా. మనసులో పెట్టుకోవద్దు." నేను దండం పెట్టాను. ఆయన పోయాక అత్త నన్ను దగ్గరకు పిలిచి, నా రెండు చేతులూ తన కళ్ళకద్దుకుంది. నేను వద్దు వద్దంటున్నా వినలేదు. నేను కదా ఆమె కాళ్ళు మొక్కాల్సింది! ఆ రోజు మా ఇంట్లో అందరికంటే అదృష్టవంతురాలిని నేనేనని అనుకున్నాను. రొట్టె, ఉల్లిగడ్డ కారం కడుపునిండా తిన్నాం.

ఇక్కడితో ఈ వారం ముగిస్తే ఎంత బాగుండేది.

అన్నాల వేళ దాటి వీధిలో మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. అత్త ఉత్సాహంగా నేస్తోంది. నేను కండెలు చుట్టుకుంటూ మామూలుగా తలెత్తాను. దీపం వెలుగుతోంది. నిజంగానే ఒక పోగు తెగింది. ఇంకేముంది, అత్త ఆపుతుంది కదా అని చూస్తున్నాను. అత్త ఆపలేదు. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది, ఎర్రచుక్క నిశ్చలంగా వెలుగుతూనే ఉంది.

"అత్తా! దీపం!"

ఆమె ఉలిక్కిపడి కుడి వైపుకు తల తిప్పింది. "అయ్యో, ఎప్పుడు వెలిగింది?"

"ఇందాక గంగాధరప్ప మామ తెంపితే చూసినావు కదా?"

"అప్పుడు టిక్కుమని ఇనపడె. తిరిగి చూస్తే ఉన్నింది. ఇప్పుడు ఈ సద్దులో ఏమీ ఇనపళ్ళేదు."

నేను దీపాన్ని చెక్క నుంచి ఊడదీసి, తీగలు సాగినంత మేర లాగి, ఆమె ముఖానికెదురుగా పట్టుకున్నాను. "నా ముక్కునే చూడు. కండ్లు కదపొద్దు. దీపం కనపడినంతసేపు ఉండాది అను."

మెల్లగా కుడి వైపుకు జరిపాను.

"ఉండాది... ఉండాది... ఉండాది... ఆర్పేసినావా?"

నేను ఆర్పలేదు. నా చేతిలో ఎర్రగా వెలుగుతోంది. ఇంకా ఆమె భుజం దాకా కూడా పోలేదు. అదే దీపాన్ని నా ముఖం ముందు పెట్టుకుని అలాగే జరిపి చూసుకున్నాను. నాకు చెవి దగ్గరకు వచ్చేదాకా కనపడుతూనే ఉంది. ఎడమ వైపుకు జరిపి చూస్తే అత్తకు కొంచెం మేలు, కానీ అటు కూడా నాకు కనపడినంత దూరం లేదు.

నేను డాక్టరును కాను. కానీ వెలుగు సంగతి కొంత తెలుసు. పొర అంటే గంజి పెట్టిన గుడ్డను కంటికి అడ్డం పెట్టుకున్నట్టు. అంతా ఒకే తీరుగా మసకబారాలి, దీపం మసకగానైనా కనపడాలి. ఇలా పక్కల నుంచి కత్తిరించుకుంటూ రాకూడదు. కుడి అంచులోనే ఎందుకు పోగులు తప్పుతున్నాయో అప్పుడు తెలిసింది నాకు. పొర ఉంటే ఉండొచ్చు, దాని చాటున ఇంకేదో ఆమె చూపును రోజూ కొంచెం కొంచెంగా తింటోంది. ముదరనీ అని మేం చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాం.

"ఎప్పటి నుంచి అత్తా ఈ పక్క కనపడంది?"

"దసరా ముందర నుంచి అనుకుంటా. పక్కన ఎవురన్నా నిలబడినా తగులుకుంటాంటి. ముదిరితే తీస్తారులే అని..." ఆమె నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైందే? ఎందుకట్లుండావు?"

"మగ్గం దిగత్తా. అనంతపురం బస్సుకు పోదాం. పెద్దాసుపత్రిలో సూపించుకుందాం. ఇప్పుడే."

"సోమవారం కానీ. మాటిచ్చినా గదా. చీర కోసి పోదాం."

"సోమవారం దాకా ఆగొద్దు. ఒక్క దినం కూడా ఆగొద్దు. నా మాట ఇను."

"గంగాధరప్ప ఇంత నమ్మి పోయినాడు. పొద్దు గుంకకముందే ఆయనకిచ్చిన మాట పోగొట్టమంటావా? ఇంగ నన్ను ఎవురు నమ్ముతారు?" ఆమె చేత్తో తడుముకుని తాడు అందుకుంది. "ఎవురన్నా దిగమంటారేమో అని ఇన్ని దినాలూ భయపడితి గానీ, నువ్వు అంటావనుకోలేదు అంజనా."

తాడు గుంజింది. నాడె కుడి అంచుకు దూసుకొచ్చింది. నేను వంగి దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆమె మళ్ళీ గుంజింది. నాడె కదల్లేదు.

"ఇడువు" అంది అత్త.

నేను విడవలేదు.